ఎండ, టైటానియం డయాక్సైడ్‌తో అద్దకం నీరు శుభ్రపడుతుందా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మాది పోచంపల్లి దగ్గరి ఊరు. మా ఇంట్లో తాతల నాటి నుంచి నూలుకు రంగులు అద్దుతున్నారు. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. లీటరు నీటిలో చిటికెడు మిథిలీన్ బ్లూ కలిపి, ఒక గ్రాము టైటానియం డయాక్సైడ్ పొడి వేసి, వెడల్పాటి గాజు పళ్లెంలో మేడమీద ఎండకు పెట్టాను. మధ్యాహ్నానికల్లా నీలం పోయి నీళ్లు పలచని పాలలా మిగిలాయి. అదే పొడిని మా రంగు తొట్టిలోని ఎర్రని నీటికి వేస్తే రెండు రోజుల ఎండకు కూడా ఎరుపు తగ్గలేదు. అది నూలుతో రసాయన బంధం కట్టే రియాక్టివ్ రంగు. తొట్టిలో ఉప్పు, సోడా కూడా ఉంటాయి. ఆ నీరు పారే కాలువ పక్కనే మా పెరటి బావి ఉంది కనుక, ఇది కేవలం పరీక్ష కోసం అడుగుతున్న ప్రశ్న కాదు. లోపం ఎక్కడుంది?

జవాబు 1:
లోపం పొడిలో లేదు, నీటిలో ఉంది. సోడా వల్ల మీ తొట్టి నీటి పీహెచ్ 11 దాకా ఉంటుంది. పీహెచ్ ఆరున్నర దాటితే టైటానియం డయాక్సైడ్ ఉపరితలానికి రుణావేశం వస్తుంది. మిథిలీన్ బ్లూ ధనావేశం గల రంగు కనుక వెళ్లి దానికి అతుక్కుంటుంది. మీ రియాక్టివ్ రంగుది రుణావేశం కనుక దూరంగా జరిగిపోతుంది. కాంతి పడినప్పుడు పొడి మీద పుట్టి రంగును విరగ్గొట్టే హైడ్రాక్సిల్ రాడికల్ అనే చురుకైన కణం పుట్టినచోటే క్షణంలో ఖర్చయిపోతుంది కాబట్టి, రంగు అణువు ఉపరితలం దగ్గర లేకపోతే ఫలితం ఉండదు. పైగా సోడాలోని కార్బొనేట్ ఆ రాడికల్స్‌ను ముందే మింగేస్తుంది. అధ్యాపకుల సమక్షంలో సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పీహెచ్‌ను 4కు దించండి. కార్బొనేట్ బుడగలుగా పోతుంది, ఉపరితలం ఆవేశమూ మారుతుంది. వెనిగర్ మాత్రం వాడకండి. అదీ సేంద్రియ పదార్థమే కనుక రాడికల్స్‌లో కొన్ని దానికే ఖర్చవుతాయి.

జవాబు 2:
పై మాటలతో ఏకీభవిస్తూనే, వ్యర్థజలాల శుద్ధిలో పనిచేస్తున్న వాడిగా ఒక హెచ్చరిక చేస్తాను. రంగు పోవడం వేరు, నీరు శుభ్రపడటం వేరు. మిథిలీన్ బ్లూ పొడికి అతుక్కుని కూడా కనబడకుండా పోవచ్చు, లేదా రంగులేని రూపంలోకి మారి, గాలి తగలగానే మళ్లీ నీలంగా తేలవచ్చు. అందుకే పొడి వేసి చీకట్లో ఉంచిన పళ్లెం ఒకటి, పొడి లేకుండా ఎండలో ఉంచిన పళ్లెం ఒకటి పక్కన పెట్టుకోండి. ప్రయోగానికి ముందూ తరువాతా సీవోడీ (నీటిలోని సేంద్రియ పదార్థాన్ని ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ కావాలో తెలిపే కొలత) కొలవండి. అజో రంగులు (అణువులో జంట నైట్రోజన్ బంధం గల రంగులు) సగంలో విరిగితే ఆరోమాటిక్ అమీన్లు మిగలవచ్చు; వాటిలో కొన్ని అసలు రంగు కన్నా హానికరం. వాటిని కంటితో పసిగట్టలేం.

జవాబు 3:
ఎండ సంగతి కూడా చూడాలి. ఈ పొడి స్ఫటిక రూపాల్లో ఒకటైన అనటేజ్‌ను కదిలించేది దాదాపు 388 నానోమీటర్ల లోపు కాంతి మాత్రమే, అంటే ఎండలో నూటికి నాలుగైదు పాళ్లు. చిక్కని ఎర్రని నీటిలో ఆ కాస్త వెలుగూ పైపొరలోనే ఆగిపోతుంది. స్పెయిన్‌లో అల్మెరియా వద్ద ఉన్న సౌర పరిశోధన కేంద్రంలో వంపు అద్దాల మధ్య సన్నని గాజు గొట్టాలలో నీటిని తిప్పడానికి కారణం ఇదే. బిస్మత్ వెనడేట్ అనే మరో పొడి కంటికి కనిపించే వెలుగును కూడా పట్టుకుంటుంది కానీ, వెలుగు వల్ల అందులో కదిలే ఎలక్ట్రాన్లకు ఆక్సిజన్‌కు చేరే బలం చాలదు. ఇనుప లవణం, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో చేసే ఫోటో ఫెంటన్ పద్ధతి వేగమైనదే. అయితే దానికి పీహెచ్ 2.8 దగ్గర ఉండాలి, చివర ఇనుప మడ్డి మిగులుతుంది.

నా అభిప్రాయంలో మీరు తొట్టి నీటిని నేరుగా ఎండకు పెట్టకూడదు. చిక్కని తొట్టి నీటిని వేరుగా పట్టి ఇతర పద్ధతుల్లో శుద్ధి చేయాలి. నూలును చివరగా కడిగిన పలచని నీరే ఈ పద్ధతికి తగినది. దాన్ని కూడా సెంటీమీటరు లోతుకు మించకుండా పరచండి. పని అయ్యాక పీహెచ్‌ను ఆరున్నరకు తెస్తే పొడి ముద్దకట్టి రాత్రికి అడుగున పేరుకుంటుంది. పైనీరు వంపుకుని, ఆ పొడినే మళ్లీ వాడుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. చివరి కడుగు నీటిని పీహెచ్ 4కు దించి, సెంటీమీటరు లోతున పరిచాను. సాయంత్రానికి ఎరుపు లేత గులాబీ అయింది. చీకట్లో ఉంచిన పళ్లెంలో కూడా కొంత తగ్గింది, అంటే అతుక్కోవడం నిజమే. ఎండలోని పొడి తెల్లగా ఉంది, చీకటిలోని పొడి గులాబీ రంగు పట్టింది. సీవోడీ సోమవారం కళాశాలలో కొలుస్తాను. చిక్కని నీటికి వేరే గుంట తవ్వడానికి, దానికి సిమెంటు పూత వేయించడానికి నాన్న ఒప్పుకున్నారు.