అప్‌డేట్: సీతాకోకచిలుకల లెక్కింపుకి వెళ్లొచ్చాను

ఏటా వాలంటీర్లు చేసే సీతాకోకచిలుకల లెక్కింపుకి పేర్లు తెలియనివాళ్లు పనికొస్తారా, ఒకేదాన్ని రెండుసార్లు లెక్కపెట్టేస్తే ఎలా అని అడిగాను కదా. వెళ్లొచ్చాను.

మొదటిదానికి టెన్షనే అక్కర్లేదు. గుర్తుపట్టేవాళ్లు పేరు చెబుతుంటే రాసుకునే మనిషి కావాలి, ఆ పని నాకిచ్చారు. గోధుమరంగు స్కిప్పర్ల (ఒకేలా కనిపించే చిన్న సీతాకోకచిలుకలు) దగ్గర అనుభవం ఉన్నవాళ్లే తటపటాయించి 'స్కిప్పర్, జాతి తెలియదు' అని రాయించారు. ఊహించి పేరు పెట్టడం కన్నా అదే నయం.

రెండోదానికి మీలో కొందరు చెప్పిన పద్ధతే వాడారు: ఒకే దిశలో మెల్లగా నడుస్తూ, ముందు ఐదు మీటర్లలో కనిపించినవే లెక్క. వెనక్కి ఎగిరినవాటిని పట్టించుకోరు. బ్రిటన్‌లో 1976 నుంచి జరుగుతున్న సర్వేకీ ఈ నడకే ఆధారం. అయినా కొన్ని రెండుసార్లు పడతాయి. మొత్తం ఎన్నున్నాయో తేల్చడం కాదు, ఏటా ఒకే తీరులో లెక్కపెట్టి పోల్చుకోవడమే ఉద్దేశం.

అసలు పరీక్ష నీటి ఒడ్డున. తడి మట్టిలోని లవణాల కోసం గుంపుగా వాలతాయి, ఎక్కువగా మగవే. అడుగు దగ్గరకేస్తే అన్నీ ఒక్కసారే లేస్తాయి! దూరం నుంచే ఫోటో తీసి తర్వాత లెక్కపెట్టాం. గడ్డి మైదానంలో సంఖ్య ఎక్కువ. అడవి నీడలో కొన్నే, కానీ వాటిలో కొన్ని జాతులు బయటెక్కడా కనిపించలేదు. అక్కడ బోర్ కొట్టి త్వరగా వచ్చేయకండి.

మబ్బు పట్టగానే ఎగిరేవి తగ్గిపోయాయి, కాసేపు ఆగాం. బైనాక్యులర్స్ కొనేవాళ్లు రెండు మీటర్ల దూరంలోనూ ఫోకస్ అయ్యేదే చూసుకోండి.