బాబుకి వీపంతా చిన్న మచ్చలు, సొరియాసిస్ ఇలా కూడా ఉంటుందా?

సుజాత, నరసరావుపేట
మా బాబుకి పదిహేనేళ్లు. దసరా సెలవుల్లో గొంతు నొప్పి, జ్వరం వచ్చి తగ్గాయి. రెండు వారాలయ్యాక పొట్ట మీద, వీపు మీద చిన్న చిన్న మచ్చలు లేచాయి. ఒక్కోటీ కందిపప్పు బద్దంత, పైన సన్నటి పొట్టు. దురద పెద్దగా లేదు. మా అత్తగారికి సొరియాసిస్ ఎప్పట్నుంచో ఉంది. కానీ ఆవిడవి మోచేతులు, మోకాళ్ల మీద అరచెయ్యంత మందపాటి మచ్చలు. దుప్పటి దులిపితే తెల్లటి పొట్టు రాలుతుంది. "నాది ఇలా ఉండదు, వీడిది తామరే" అని ఆవిడ తీర్పు. మెడికల్ షాపులో ఒక ట్యూబు ఇచ్చారు. ఇంకా మూత తీయలేదు. రాయొచ్చా?

రిటైర్డ్ కండక్టర్
వద్దమ్మా. ముందు పెట్టె మీద చదువు. క్లోబెటసాల్, బెక్లోమెథసోన్ లాంటి పేర్లుంటే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. నిజంగా తామరే అయితే పైకి తగ్గినట్టు కనిపించి చుట్టూ పాకుతుంది. సొరియాసిస్ అయితే డాక్టరు చూసేసరికి ఆనవాళ్లు చెరిగిపోతాయి.

నాదీ ఇదే జబ్బు. మొదట మీ అత్తగారిలా మోచేతుల మీదే. అంటుజబ్బు కాదని ఎంత చెప్పినా, చిల్లర నా చేతిలో వెయ్యకుండా సీటు మీద పెట్టేవాళ్లు కొందరు. తర్వాత గజ్జల్లో, చంకల్లో వచ్చింది. అక్కడ పొట్టే ఉండదు. చెమటకి నాని, ఎర్రగా నున్నగా మెరుస్తూ మంట. ఎండాకాలం ఖాకీ ప్యాంటులో ఆ బాధ పగవాడికి కూడా వద్దు. దానికీ తామర మందే అంటగట్టాడు ఒక షాపువాడు.

గొంతు నొప్పి తర్వాత ఒంటి మీద చినుకులు పడ్డట్టు వచ్చే రకం ఒకటుంది. గట్టేట్ అంటారు. పిల్లల్లో, కుర్రవాళ్లలో ఎక్కువ. చాలామందికి కొన్ని నెలల్లో పోతుంది, కొందరికి మందపాటి రకంగా మారుతుంది. బాబుది అదో కాదో డాక్టరే చెప్పాలి.

స్కిన్ ఓపీ నర్సు
సుజాత గారూ, నెట్‌లో ఫొటోలతో పోల్చుకోకండి. వాటిలో ఎక్కువగా తెల్లవాళ్ల చర్మం, గులాబీ మచ్చలు. మన ఛాయ మీద అవే ఊదాగానో ముదురు గోధుమగానో కనిపిస్తాయి. తామరైతే సాధారణంగా గుండ్రటి అంచు లేచి మధ్యలో తేటపడుతుంది. అనుమానముంటే పొట్టు గీకి మైక్రోస్కోపులో చూస్తారు. గొంతు నొప్పి సంగతి తప్పక చెప్పండి. ఒళ్లంతా ఎర్రబారి వణుకొచ్చినా, చీము పొక్కులు గుంపులుగా లేచి జ్వరమొచ్చినా మాత్రం ఓపీ రోజు దాకా ఆగొద్దు, ఎమర్జెన్సీకే వెళ్లండి.

అన్నట్టు, అత్తగారి గోళ్లు ఎలా ఉన్నాయి?

సుజాత
గోళ్ల మీద సన్నటి గుంటలున్నాయండీ. బొటనవేళ్ల గోళ్లు చివర్లో లేచిపోయాయి. పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయి టీ గ్లాసు పట్టుకోలేరు. వయసు అనుకుంటున్నాం. చూపుడువేలు ఒకటి మొత్తం ఉబ్బి ఉంది.

స్కిన్ ఓపీ నర్సు
వయసు కాకపోవచ్చు. సొరియాసిస్ కొందరికి కీళ్లకీ వస్తుంది, గోళ్లు చెడినవాళ్లలో మరీ. ఆలస్యమైతే కీలు పాడై మళ్లీ సరికాదు. ఆవిణ్ణీ తీసుకెళ్లండి.

సుజాత
సోమవారం ఇద్దరికీ ఓపీ చీటీ రాయిస్తున్నా. అత్తగారు "వాడికి చూపించడానికెళ్తూ మధ్యలో నేనెందుకు" అంటున్నారు. ట్యూబు మీద క్లోబెటసాల్ అనే ఉంది. షాపువాళ్లు వాపసు తీసుకోం అన్నారు.