ఆసిడ్ హౌస్‌కి ఆద్యుడు మన చరణ్‌జిత్ సింగేనా?

కావలి కీబోర్డు:

సూటిగా అడుగుతుండా, సూటిగా చెప్పండి. ఆసిడ్ హౌస్ అనే క్లబ్బుల డ్యాన్స్ సంగీతం షికాగోలో పుట్టిందని అందరూ రాస్తారు. 1987లో ఫ్యూచర్ అనే బృందం వేసిన ‘ఆసిడ్ ట్రాక్స్’ దానికి మొదటి రికార్డు అంటారు. ఆగకుండా సాగే డ్రమ్ మెషీన్ దరువు, దాని మీద రోలాండ్ కంపెనీ టీబీ-303 అనే చిన్న డబ్బా నుంచి మెలికలు తిరుగుతూ వచ్చే బాస్. అదీ దాని స్వరూపం.

మరి అంతకు ఐదేళ్ల ముందు, 1982లో, బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ అనే సినిమా వాద్యకారుడు అదే 303, అదే కంపెనీ 808 డ్రమ్ మెషీన్, జూపిటర్-8 కీబోర్డు పెట్టుకుని పది రాగాలు వాయించాడు. హెచ్‌ఎంవీ వాళ్లు ‘సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్’ అని రికార్డు వేశారు. ఏది ఏ సంవత్సరానిదో చెప్పకుండా రెండూ వినిపించండి, ఇదే కొత్తది అనేవాళ్లు చాలామంది ఉంటారు.

పైగా ఆయన బతుకుతెరువు ఏందో తెలుసా? సినిమా రికార్డింగులు ఒక పక్క, పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రా ఇంకో పక్క. అంటే నాబోటోడే. అమెరికావాడు చేసి ఉంటే ఈపాటికి విగ్రహం పెట్టేవాళ్లు. ఆద్యుడు ఆయనే అని నా వాదన. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

దర్గామిట్ట బీట్స్:

కావలి అన్నా, ఆ రికార్డు నాకూ ఇష్టమే. కానీ ఆద్యుడు అంటే ఒప్పుకోను. ఆద్యుడు అంటే ఆయన వెనక ఒక వరస నడవాలి కదా. షికాగో వాళ్లు ఈ రికార్డు వినలేదు. డెట్రాయిట్ వాళ్లు వినలేదు. లండన్‌లో 1988లో ఆసిడ్ హౌస్ ఊగిపోయినప్పుడు అక్కడ ఒక్క డీజే పెట్టెలో కూడా ఇది లేదు. అంతెందుకు, బొంబాయిలోనే కొన్నవాళ్లు లేరు. ఎవరూ అనుసరించని మనిషిని మూలపురుషుడు అని ఎట్టా అంటాం?

రెండోది ఇంకా ముఖ్యం. ఆసిడ్ అంటే 303 ఉండటం కాదు. ఆ డబ్బా మీద శబ్దం రంగును మార్చే కటాఫ్, రెజొనెన్స్ అనే నాబ్‌లను పాట నడుస్తుండగానే తిప్పుతూ పోవడం. బాస్ వరస మారదు, దాని రంగు మారుతుంటది. ‘ఆసిడ్ ట్రాక్స్’ పన్నెండు నిమిషాలు దాదాపు అదే పని. సింగ్ గారి రికార్డులో 303 బుద్ధిగా బాస్ వాయిస్తుంది, పైన జూపిటర్ మీద ఆయన రాగం వాయిస్తాడు. పనిముట్లు ఒకటే, పని వేరు.

సింగరాయకొండ క్యాసెట్లు:

కొనకపోవడానికి కారణం ఉంది బాబూ. 1980లో ‘ఖుర్బానీ’ సినిమాలో నాజియా హసన్ పాడిన పాట వచ్చింది, బిడ్డూ అనే ఆయన కట్టిన బాణీ. 1981లో వాళ్లిద్దరిదే ‘డిస్కో దీవానే’. దేశమంతా డిస్కో పిచ్చి. సింగ్ కూడా సినిమాల్లో ఎక్కడ చూసినా డిస్కోనే కదా, తబలా తీసేసి డిస్కో దరువు మీద రాగాలు వాయిస్తే ఎలా ఉంటుందని మొదలుపెట్టానని చెప్పాడు. ఆలోచన బాగానే ఉంది. అయితే డిస్కో కావాలనుకున్న కుర్రాళ్లకు గొంతు కావాలి, పాట కావాలి. ఇందులో గొంతు లేదు. రాగాలు కావాలనుకున్న పెద్దలకు ఆ డ్రమ్ము మోత తలనొప్పి. షాపువాడు దాన్ని ఏ అరలో పెట్టాలి? మా రోజుల్లో ఒంగోలు క్యాసెట్ షాపుల్లో వాద్య సంగీతం అంటే ఒక మూల షెహనాయ్, వేణువు, సినిమా పాటల గిటార్ ఉండేవి. ఇది వాటిలో ఎక్కడా ఇమడదు.

ఆ తర్వాత ఎడో బౌమన్ అనే డచ్చి రికార్డుల పిచ్చోడి చేతికి పాత కాపీ ఒకటి దొరికింది. 2010లో బాంబే కనెక్షన్ అనే లేబుల్ మీద మళ్లీ వేశాడు. అప్పుడు యూరప్‌లో సగం మంది నమ్మలేదు. ఇది 1982 నాటిది కాదు, ఏఫెక్స్ ట్విన్ అనే ఇంగ్లీషు ఎలక్ట్రానిక్ సంగీతకారుడి లాంటి వాడెవడో దొంగపేరుతో చేసిన ఆకతాయి పని అన్నారు. తీరా చూస్తే మనిషి బొంబాయిలో నిక్షేపంగా ఉన్నాడు. డెబ్బై దాటిన వయసులో యూరప్ వెళ్లి ఆ పాత యంత్రాల మీద వాయించి వచ్చాడు. 2015 జూలైలో పోయాడు.

కోవూరు కుర్రోడు:

ఇవన్నీ ఎందుకు నా, నిమజ్జనానికి మా ఊళ్లో పెట్టే డీజే బాక్సుల ముందు ఏ షికాగో నిలబడదు 😂

నిర్వాహకుడు:

కోవూరు తమ్ముడూ, బాక్సుల సైజుకి వేరే చర్చ ఉంది, అక్కడికి పో.

ఒంగోలు సర్వీసింగ్:

యంత్రం గురించి తెలియకుండా ఈ తగవు తేలదు. నేను కీబోర్డులు, ఆంప్లిఫయర్లు బాగు చేసేవాణ్ణి కాబట్టి ఆ వైపు నుంచి చెప్తా.

టీబీ-303 రోలాండ్ వాళ్లు 1981 చివర్లో తెచ్చారు. డిజైన్ చేసినాయన తడావో కికుమోతో. ఎవరి కోసం తెచ్చారంటే, పక్కన బాస్ గిటారిస్టు లేని గిటారిస్టు కోసం. ఒంటరిగా సాధన చేసుకునేవాడికి బాస్ తోడు. అందులో శబ్దం పుట్టించే ఆసిలేటర్ ఒకటే, ఆ శబ్దం రంగు మార్చే ఫిల్టర్ ఒకటి, ఎక్కించిన స్వరాలను వరసగా తనే వాయించే పదహారు మెట్ల సీక్వెన్సర్. స్వరాలు ఒకసారి ఎక్కించాలి, కాలం ఇంకోసారి విడిగా ఎక్కించాలి. ఓపిక ఉన్నవాడికి కూడా విసుగొస్తుంది. పైగా శబ్దం వింటే బాస్ గిటార్‌కి దూరపు చుట్టం కూడా కాదు. అందుకే అమ్ముడుపోలేదు, 1984లో ఆపేశారు. మొత్తం పదివేల దాకా తయారయ్యాయి. తర్వాత సెకండ్ హ్యాండ్ షాపుల్లో చవగ్గా పడి ఉంటే షికాగో కుర్రాళ్లు కొన్నారు.

ఇప్పుడు గమనించండి. సింగ్ ఎవరు? హిందీ సినిమా ఆర్కెస్ట్రాల్లో బాస్ గిటార్ వాయించినవాడు. అంటే రోలాండ్ వాళ్లు ఏ పని కోసం ఆ డబ్బా చేశారో ఆ పని లోతు ఎరిగినవాడు. కొత్తగా ఉన్నప్పుడే సింగపూర్‌లో కొన్నాడు. వేర్వేరు వాద్య యంత్రాలను కలిపి నడిపే మిడి అనే ఉమ్మడి పద్ధతి ఇంకా లేని కాలం అది, 1983లో గానీ రాలేదు. 303నీ 808నీ సింక్ వైరుతో కలిపితే రెండూ ఒకే లయలో నడుస్తాయి. ఆ రెండింటినీ నడవనిచ్చి, తన రెండు చేతులూ జూపిటర్ మీద పెట్టాడు. కంపెనీవాడు కలలు కన్న వాడకం అదే. షికాగో వాళ్లది కంపెనీవాడు కలలో కూడా అనుకోని వాడకం. బాస్ గిటార్‌లా వినబడాలని పెట్టిన నాబ్‌లను వినబడకూడని చోటికి తిప్పారు. నా దృష్టిలో కొత్త సంగీతం పుట్టింది అక్కడ. దర్గామిట్ట తమ్ముడి వైపే నా ఓటు.

కావలి కీబోర్డు:

ఒంగోలు అన్నా, అంత చక్కగా చెప్పి ఓటు అటు వేశావే! సరే, ఒక్క సంగతి చెప్పు. నాబ్‌లు తిప్పకపోయినా రెండూ ఒకే రకంగా ఎందుకు వినబడతాయి? సింగ్ రికార్డులో బాస్ జారుతూ పోతుంది చూడు, ఆ జారుడు ఊరికే వచ్చిందా?

ఒంగోలు సర్వీసింగ్:

అది స్లయిడ్. సీక్వెన్సర్‌లో ఏ స్వరానికి కావాలంటే ఆ స్వరానికి పెట్టుకోవచ్చు. ఈ స్వరం నుంచి పై స్వరానికి తెగకుండా జారుతుంది. యాక్సెంట్ అని ఇంకోటి ఉంది, అది పెడితే ఆ స్వరం గట్టిగా, కాస్త కరుకుగా కొడుతుంది. ఆ రెండూ కలిస్తేనే 303 యాస. ఎవడు వాడినా ఆ యాస వచ్చి తీరుతుంది.

మూలాపేట వీణ:

అందరికీ నమస్కారం. నేను పిల్లలకు వీణ చెప్తాను. ఈ చర్చ చూశాకే ఆ రికార్డు విన్నాను, కాబట్టి యంత్రాల తగవులోకి రాను. రాగాల గురించి మాత్రం ఎవరూ మాట్లాడటం లేదు.

పది రాగాలూ హిందుస్తానీవే. మనకు దగ్గరగా చెప్పాలంటే భూపాలీ మన మోహనం, కళావతి మన వలజి, మాల్కౌంస్ హిందోళం, బైరాగి రేవతి, యమన్ కల్యాణికి దగ్గర. స్వరాలు తప్పలేదు. ఆయనకు రాగం తెలుసు, అందులో అనుమానం లేదు. ముఖ్యంగా లలిత్‌లో రెండు మధ్యమాలనూ పక్కపక్కన పట్టుకున్న తీరు బాగుంది.

కానీ ఆ జారుడును గమకం అనుకోకండి. గమకం ఒక్కో చోట ఒక్కో వేగంతో పోతుంది, హిందోళంలో గాంధారం ఊగే తీరు వేరు, నిషాదం ఊగే తీరు వేరు. ఒంగోలు సార్ చెప్పిన స్లయిడ్ ఎంత దూరం జారినా ఒకే కాలంలో జారినట్టు వినబడుతోంది. అది యంత్రం పరిమితి. ఆలాపన లేదు, కాలం మారదు. కచేరీ అలవాటున్న చెవికి మూడో ట్రాక్ దగ్గరే కాస్త అలుపు వస్తుంది.

కావలి గారు అడిగినదానికి నాకు తోచిన జవాబు ఇది. మన సంగీతంలో తంబురా షడ్జమం మారదు, దాని మీదే అంతా నడుస్తుంది. ‘ఆసిడ్ ట్రాక్స్’ కూడా విన్నాను, అందులోనూ కార్డులు, అంటే కలిపి పలికే స్వరాల గుంపులు, మారడం లేదు, ఆధార స్వరం ఒకటే. పాశ్చాత్య పాటలో మామూలుగా కార్డులు మారుతూ ఉంటాయి కదా. షికాగో వాళ్లు దాన్ని వదిలేశారు, సింగ్ గారికి దాని అవసరమే లేదు. అందుకే రెండూ ఒక చోటికి వచ్చి నిలబడ్డాయి. ఒకరి నుంచి ఒకరు తీసుకోనక్కర్లేదు.

సింగరాయకొండ క్యాసెట్లు:

అమ్మా, ఇంత సూటిగా ఇంగ్లీషు పత్రికల్లో కూడా నేను చదవలేదు.

దర్గామిట్ట బీట్స్:

మేడమ్ చెప్పింది వంద శాతం నిజం. అయితే నా మాటకు నేనే ఒక మినహాయింపు చెప్తా, కావలి అన్నకు ఉపయోగపడుతుంది. ఫ్యూచర్ వాళ్లు క్యాసెట్ తీసుకెళ్లి రాన్ హార్డీ అనే డీజేకి ఇచ్చారు, మ్యూజిక్ బాక్స్ అనే క్లబ్బులో. మొదటిసారి వేస్తే జనం డ్యాన్స్ ఫ్లోర్ ఖాళీ చేశారంట. అదే రాత్రి మళ్లీ వేశాడు, మళ్లీ వేశాడు. నాలుగోసారికి జనం వెర్రెక్కి ఎగిరారు. ఆ మొండి మనిషి లేకపోతే ‘ఆసిడ్ ట్రాక్స్’ కూడా సింగ్ రికార్డులాగే అటకెక్కేది. అంటే ప్రతిభలో తేడా కాదు. సింగ్‌కి ఒక రాన్ హార్డీ దొరకలేదు, ఒక క్లబ్బు దొరకలేదు. 1982లో బొంబాయిలో రాత్రి పూట ఒకే పాట నాలుగుసార్లు వేసి జనాన్ని ఒప్పించే చోటు ఏది?

కావలి కీబోర్డు:

చోటు లేక కాదు తమ్ముడూ, ఉన్న చోటు పెళ్లి పందిరి. అక్కడ నాలుగుసార్లు వేస్తే పెళ్లికొడుకు మేనమామ వచ్చి వైరు పీకేస్తాడు. నేను చూశా. కీబోర్డులో రిథమ్ వేసుకుని మోహనంలో కాస్త సొంతంగా వాయిద్దామని చూస్తే రెండు నిమిషాల్లో చీటీ వస్తుంది, ఫలానా హీరో పాట అని. సింగ్ కూడా ఆ చీటీలు చదివే ఉంటాడు. పెళ్లిళ్లలో ఆ ఏటి హిట్లు వాయించి ఇల్లు గడుపుకుంటూ, ఇలాంటి రికార్డు ఒకటి చేశాడు. అది అమ్ముడుపోకపోతే మళ్లీ పెళ్లిళ్లకే వెళ్లాడు. ఇది పెద్ద కెరీర్ కాదని ఎవరన్నా అంటే నాకు మండుద్ది.

ఆర్కెస్ట్రా అంటే చులకన కొంతమందికి. మన నెల్లూరు బాలు గారు సినిమాల్లో నిలదొక్కుకోక ముందు లైట్ మ్యూజిక్ ట్రూప్ నడిపారు, అందులో ఇళయరాజా, గంగై అమరన్ వాయించారు. స్టేజి మీద చీటీలు చదివినవాళ్లే అందరూ.

సింగరాయకొండ క్యాసెట్లు:

అది ఒప్పుకుంటా. కాకపోతే మన తెలుగులో సంగతి వేరేగా నడిచింది చూడు. రాజ్-కోటి సింథసైజర్లను, రిథమ్ ప్రోగ్రామింగునూ సినిమా పాటలోకే లాక్కొచ్చారు. రెహమాన్ 1992లో ‘రోజా’ చేయకముందు వాళ్ల దగ్గర కూడా కీబోర్డు వాయించాడు. వాళ్లకు ఉన్నది, సింగ్‌కి లేనిది ఒకటే, గాయకుడి గొంతు. మన జనం యంత్రాన్ని ఎప్పుడూ కాదనలేదు, పైన బాలు గారో చిత్ర గారో పాడితే ఎంత సింథ్ ఉన్నా విన్నారు. సింగ్ గొంతు తీసేసి యంత్రాన్ని ముందు కూర్చోబెట్టాడు. 1982లో అది సాహసమే, దానికి ఆయన్ని మెచ్చుకోవాలి. ఆద్యుడు, తండ్రి అనే బిరుదులు యూరప్ పత్రికలు రికార్డు అమ్ముకోవడానికి పెట్టినవి.

ఒంగోలు సర్వీసింగ్:

నిజం. ఆయనకే ఆ బిరుదుతో పని లేదు. ఆసిడ్ హౌస్ అనే మాట ఆయన విన్నది కూడా ముసలితనంలోనే.

కావలి కీబోర్డు:

ఆయనకు పని లేకపోవచ్చు, నాకు ఉంది. ముందు చేసినోడు ముందు చేసినోడే. పేటెంట్ ఆఫీసులో ఎవడు ముందు వస్తే వాడిదే కదా, వెనక ఎంతమంది నడిచారని అడగరు.

దర్గామిట్ట బీట్స్:

అన్నా, పేటెంట్ ఇచ్చేది కొత్తగా చేసిన పనికి. నాబ్ తిప్పుడు ఆయన చేయలేదు. రాగం మీద 303 పెట్టింది ఆయనే, ఆ పేటెంట్ ఆయనకే రాసిస్తా, సంతకం పెడతా. ఆసిడ్ మాత్రం ఇవ్వను.

ఇంకో మాట. ఈ గొడవ చదివి నేనొక పని చేశా. రేవతిలో ఒక బాస్ వరస పెట్టి, షికాగో పద్ధతిలో నాబ్‌లు తిప్పుతూ ట్రాక్ చేశా. 303 అసలుది ఇప్పుడు లక్షల్లో ఉంది, నాది బెహ్రింగర్ వాడి నకలు. ట్రాక్ పైన జత చేశా. మేడమ్ విని చెప్పాలి.

మూలాపేట వీణ:

విన్నాను బాబూ. మొదటి సగం హాయిగా ఉంది. రెండో సగంలో వరస మార్చిన దగ్గర చతుశ్రుతి రిషభం పడుతోంది. రేవతికి శుద్ధ రిషభం. అక్కడ రాగం మధ్యమావతి అయిపోయింది, నువ్వు చూసుకోలేదు.

దర్గామిట్ట బీట్స్:

ఒక్క మెట్టు పైకి నొక్కా మేడమ్! కానీ జనానికి ఆ చోటే నచ్చిందంట, మా ఫ్రెండ్స్ గ్రూపులో అందరూ అదే బాగుందంటున్నారు.

కావలి కీబోర్డు:

చూశారా, పొరపాటున కొత్తది పుట్టిందని రేపు వీడికీ ఆద్యుడు అని రాస్తారు. తమ్ముడూ, మధ్యమావతి అలాగే ఉంచు, రేవతి విడిగా ఇంకోటి చెయ్. శనివారం అల్లూరులో రిసెప్షన్ ఉంది, భోజనాల టైములో చీటీలు తక్కువ. రెండూ వేసి చూస్తా.