తగ్గింపు ధరకు దొరికిన ఈ-పుస్తకాలన్నీ కొనాలా?

పాత అల్మారా:
సంక్రాంతి సెలవుల్లో కూర్చుని నా ఈ-పుస్తకాలు లెక్కపెట్టాను. మొత్తం 214. చదివినవి 37. మిగిలిన 177 పుస్తకాలూ 49కో 79కో వస్తున్నాయని కొన్నవే. సగటున 60 రూపాయలు వేసుకున్నా పదివేలు దాటింది.

డబ్బు కంటే నన్ను ఎక్కువ బాధిస్తున్నది నా అలవాటు మారిపోవడం. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద పుస్తకం కొనాలంటే నిలబడి పది పేజీలు చదివేవాణ్ని. సంచి బరువెక్కితే ఒకటి తీసి వెనక్కి పెట్టేవాణ్ని. ఫోనులో ఆ బరువు తెలియదు. ‘ఈ రాత్రితో ఆఖరు’ అని కనబడితే చాలు, పుస్తకం దేని గురించో చూడకముందే ధర చూసి కొనేస్తున్నాను. ఇది తప్పేనని నా అభిప్రాయం. మీరేమంటారు?

ఏటిగట్టు:
తప్పని నేను అనుకోను. చిరిగిన చొక్కా అయినా తొడుక్కో, మంచి పుస్తకం కొనుక్కో అని కందుకూరి చెప్పిన మాటగా వింటూ పెరిగినవాళ్లం మనం. మా నాన్నగారు కొని, చదవకుండానే ఉంచిన పుస్తకాలను ఆయన పోయిన ఆరేళ్లకు నేను చదివాను. కొన్న మనిషే, కొన్న ఏడాదే చదవాలని ఎక్కడుంది?

పైగా నేను ఉండేది డాలస్‌లో. అచ్చు పుస్తకం తెప్పించుకుంటే దాని ధర కంటే పోస్టు ఖర్చే ఎక్కువ. తెలుగు పుస్తకాలు చాలావరకు వెయ్యి ప్రతులు, ఒక్కోసారి ఐదువందలే వేస్తారు. అవి అయిపోతే మళ్లీ ముద్రణ ఎప్పుడో తెలియదు. చౌకగా ఉన్నప్పుడే తీసి పెట్టుకోవడం ముందుచూపు.

వానచినుకు:
ఏటిగట్టు గారూ, మీ నాన్నగారి పుస్తకాల సంగతి చదివి మనసు కదిలింది. కానీ అవి మీ చేతికి రాగలిగింది అచ్చు పుస్తకాలు కాబట్టే. అమెజాన్ అమ్మే కిండిల్ ఈ-పుస్తకానికి మనం చెల్లించేది చదువుకునే లైసెన్సుకే. 2009లో అమెజాన్ ఇంగ్లిష్ రచయిత జార్జ్ ఆర్వెల్ నవలలు రెండింటిని కొన్నవాళ్ల పరికరాల్లోంచి తొలగించి, డబ్బు తిరిగి ఇచ్చింది. అమ్మినవారికి ఆ హక్కులే లేవని తేలడం దానికి కారణం. 2019లో మైక్రోసాఫ్ట్ తన పుస్తకాల దుకాణం మూసేసినప్పుడు అక్కడ కొన్న పుస్తకాలన్నీ తెరుచుకోవడం మానేశాయి. డబ్బు వెనక్కి వచ్చింది, పుస్తకాలు రాలేదు. 2025 ఫిబ్రవరి 26 నుంచి కిండిల్ పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దించుకుని కేబుల్‌తో మార్చుకునే వీలు కూడా తీసేశారు.

అందుకే ఇరవై ఏళ్ల తర్వాతి కోసం ఈ-పుస్తకం దాచడం నాకు నమ్మకంగా అనిపించదు. ఈ నెలలో చదివేదే కొంటాను. దాచుకోవలసిన పుస్తకమైతే, పోస్టు ఖర్చు భారమైనా అచ్చులోనే తెప్పించుకుంటాను.

సిరాబుడ్డి:
రాసేవాడిగా ఒక్క మాట. తగ్గింపు పెట్టిన వారంలో నా పుస్తకం అమ్మకాలు పెరుగుతాయి, సంతోషమే. కానీ ఆ తర్వాత నెలలపాటు ఒక్కరూ దాని గురించి మాట్లాడరు. పూర్తి ధరకు కొన్న కొద్దిమందే ఉత్తరం రాస్తారు, తప్పు చూపిస్తారు, గొడవపడతారు. నాకు వాళ్లే కావాలి. నెల చందా కట్టి పుస్తకాలు చదువుకునే కిండిల్ అన్‌లిమిటెడ్‌లో 2015 నుంచి రచయితకు చదివిన పేజీల లెక్కనే చెల్లిస్తున్నారు. ఆ పద్ధతిలో ఎన్ని లోపాలున్నా, చదివారో లేదో లెక్కకు రావడం నాకు నచ్చింది.

పాత అల్మారా:
ఏటిగట్టు గారూ, పుస్తకాల దుకాణానికి దూరంగా ఉన్నవారి ఇబ్బంది నేను ఆలోచించలేదు. మళ్లీ దొరకదేమోనన్న తెలుగు పుస్తకం విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. కానీ నా 177లో అలాంటివి తొమ్మిదే. మిగిలినవన్నీ ఎప్పుడు కావాలన్నా దొరికేవే.

నెల రోజులుగా ఒక నియమం పెట్టుకున్నాను. నచ్చిన పుస్తకాన్ని విష్‌లిస్ట్‌లో వేసి, ముందు ఉచిత శాంపిల్ చదువుతున్నాను. అది పూర్తయ్యాక తర్వాతి పేజీ కావాలనిపిస్తేనే కొంటున్నాను. ఈ రాత్రితో ఒక తగ్గింపు ముగుస్తుంది. జాబితాలో నాలుగున్నాయి. ఒకదాని శాంపిల్ నిన్న రాత్రి పూర్తయింది, అది కొంటాను. మిగతా మూడింటి గడువు దాటిపోనిస్తాను.