అప్‌డేట్: నాకంటూ ఓ ఇరవై ఐదు నిమిషాలు

రెండు నెలల కిందట ఇక్కడ అడిగాను. కావలి నుంచి నెల్లూరుకు రోజూ రైల్లో ఉద్యోగానికి వెళ్లొస్తూ, ఇంట్లో ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పుల అత్తతో నాకంటూ టైం ఎలా మిగుల్చుకోవాలని. చాలామంది తెల్లవారుజామున నాలుగున్నరకు లేవమన్నారు. లేచాను. నాలుగో రోజు ఆఫీసులో కునుకు పట్టింది. అది నా వల్ల కాదు.

పనిచేసింది వేరే. సాయంత్రం కావలిలో దిగాక ఆటో ఎక్కకుండా నడిచే వస్తున్నా. ఇరవై ఐదు నిమిషాలు, ఫోన్ బ్యాగులోనే. వారానికి ఆరు రోజులంటే 150 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి కనీసం ఉండాలని చెప్పిన ఓ మోస్తరు వ్యాయామమూ అంతే. ఈ లెక్క కట్టింది మా ఆయన.

"ఆటోకు డబ్బుల్లేవా అమ్మాయ్?" అన్నారు అత్త. నవ్వేశాను.

నేను వచ్చేలోపు కుక్కర్ పెట్టడం ఇప్పుడు ఆయన పని. మొదటి రోజు మూడు విజిల్స్ అంటే ఆరు రానిచ్చారు. అన్నం ముద్ద. పిల్లలు పులుసు పోసుకుని తినేశారు. నేను నోరెత్తలేదు; నడకకంటే అదే కష్టమైంది.

ఆదివారం చేపలు కడిగే పని ఎవరిదన్నది మాత్రం ఇంకా తేలలేదు.