'రాజ్య సంక్రమణ సిద్ధాంతం'లో సంక్రమణ సరైన మాటేనా?

మా అబ్బాయికి సోషల్ చెబుతుంటే గవర్నర్ జనరల్ డల్హౌసీ పాఠంలో ఈ మాట వచ్చింది. "సంక్రమణం అంటే సంక్రాంతి కదా, రాజ్యానికి సంక్రాంతేంటి?" అన్నాడు. రాజుకి కొడుకు లేకపోతే, దత్తత చెల్లదని ఈస్టిండియా కంపెనీ రాజ్యం లాక్కోవడానికి ఈ పేరెలా కుదిరింది? ఇంగ్లిషులో 'ల్యాప్స్' కదా.

వ్యాఖ్య 1:
సంక్రమించడం అంటే ఒకచోటు నుంచి ఇంకోచోటికి రావడం. సూర్యుడు మకరంలోకి వచ్చినా, ఆస్తి వచ్చినా, జలుబు వచ్చినా అదే మాట. తప్పేం లేదు.

వ్యాఖ్య 2:
తప్పు కాదు గానీ ల్యాప్స్ మాత్రం కాదండీ. ల్యాప్స్‌కి మనకి మంచి మాటే ఉంది: మురిగిపోవడం. నిధులు మురిగిపోయాయి, సెలవులు మురిగిపోయాయి అంటాం. వాడుకునేవాడు లేక హక్కు పోయింది అని.

డల్హౌసీ సొంతింటి కథ చూస్తే ఈ రెండు మాటలకీ తేడా తెలుస్తుంది. ఆయన ఇంటిపేరు బ్రౌన్-రామ్సే. స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరో పక్కన డల్హౌసీ కోట అప్పట్లో రామ్సేలది. 'బ్రౌన్' అమ్మ వైపు నుంచి వచ్చింది. ఆవిడ కోల్‌స్టన్ ఎస్టేట్‌కి ఏకైక వారసురాలు. ఆ ఇంట్లో వెండి పెట్టెలో ఒక ఎండిన పియర్ పండు దాచి ఉంచారు. అది భద్రంగా ఉన్నన్నాళ్లూ వంశానికి లోటుండదని నమ్మకం. ఎప్పుడో ఒక కోడలు దాన్ని కొరికిందట, అప్పటి నుంచే ఆస్తి తరిగిందట!

అసలు సంగతి బాబాయిది. డల్హౌసీ తండ్రికి తమ్ముడు విలియం రామ్సే. తాత వరుసైన ఒక మౌల్ ప్రభువు నుంచి పాన్‌మ్యూర్ భూములు వస్తే, తన ఇంటిపేరే మౌల్‌గా మార్చుకున్నాడు. దత్తత అనరు గానీ, భూమి కోసం ఇంటిపేరు మారడం ఆ ఇంట్లో కొత్త కాదన్నమాట. అలాంటి ఇంట్లో పుట్టినాయన 1848లో సతారాని, 1854లో నాగపూర్‌ని, ఝాన్సీని దత్తత ఒప్పుకోకుండా కలిపేసుకున్నాడు.

ఇక 1860లో తను పోయాడు. ఇద్దరూ కూతుళ్లే. పంజాబ్ గెలిచాక 1849లో వచ్చిన మార్క్వెస్ బిరుదు ఆయనతోనే పోయింది. అదీ మురిగిపోవడం. పాత ఎర్ల్ బిరుదు మాత్రం ఆ బాబాయి కొడుకు ఫాక్స్ మౌల్‌కి వెళ్లింది. కోల్‌స్టన్ పెద్ద కూతురు సుసాన్‌కి దక్కింది. ఇవీ సంక్రమణలు.

(పక్కమాట: డల్హౌసీ మామగారు ట్వీడేల్, సుసాన్ భర్త కానెమరా, ఇద్దరూ మద్రాసు గవర్నర్లే. మన కోస్తా, సీమ జిల్లాలన్నీ అప్పుడు వాళ్ల కిందే. చెన్నైలో కానెమరా లైబ్రరీ ఆ అల్లుడి పేరే.)

వ్యాఖ్య 3:
బాగుంది. కానీ రాజు వైపు మురిగిపోతే కంపెనీ వైపు సంక్రమించినట్టే కదా?

వ్యాఖ్య 2 రాసినవారు:
అక్కడే నా పేచీ. పాఠ్యపుస్తకం కంపెనీ వైపు నిలబడి పేరు పెట్టింది. ఝాన్సీలో నిలబడితే ఆ మాట నోటికి రాదు.

మొదట అడిగినవారు:
మావాడికి చదివి వినిపించాను. "మురిగిపోవడం అని రాస్తే మార్కులు వేస్తారా?" అంటున్నాడు. పరీక్షలో సంక్రమణే రాయమన్నాను.