అప్‌డేట్: జింకల వేటకి బైనాక్యులర్స్, చివరికి 8×42 తీసుకున్నా

మొన్న అడిగా కదా, జింకల వేటకి తక్కువ రేటులో గట్టిగా ఉండే బైనాక్యులర్స్ కావాలి, 8×42 నా 10×42 నా అని (మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం వెడల్పు మి.మీ.లలో). 8×42 తీసేసుకున్నా. 10 అయితే ఇంకా దగ్గరగా కనిపిస్తుంది నిజమే కానీ చేతి వణుకు కూడా అంతే పెద్దగా కనిపిస్తుంది, పైగా కంటికి చేరే వెలుతురు వలయం ఎంత వెడల్పో మీరు చెప్పిన లెక్క వేసి చూశా, 42ని 8తో భాగిస్తే 5.25 మి.మీ., 10తో అయితే 4.2 మి.మీ. అంతే, జింకలు ఎక్కువగా తిరిగేది తెల్లారుజామున, పొద్దుగూకేటప్పుడు కాబట్టి నాకు ఆ వెలుతురే ముఖ్యం.

మొదటి రోజు మాత్రం తెగ తిట్టుకున్నా, కుడి కంటికి అంతా మసక. తీరా చూస్తే ఆ కంటి దగ్గర రింగు తిప్పి సెట్ చేసుకోవాలంట, నేను దాన్ని ముట్టుకోనే లేదు 😅

నిన్న పొద్దున పొదల్లో ఎండుకొమ్మ అనుకున్నది కాస్తా చెవి ఆడించింది! అప్పుడు కుదిరింది నమ్మకం. వానలో కూడా తడిసింది, నైట్రోజన్ నింపి సీల్ చేసిన మోడల్ కదా, అద్దాల లోపల ఆవిరి పట్టలేదు. మెడ పట్టీ మాత్రం మధ్యాహ్నానికల్లా కోసేస్తోంది, భుజాల మీదుగా వేసుకునే హార్నెస్ ఒకటి చూడాలి.